అపోహలు – వాస్తవాలు: "పై స్వరం అందదు కాబట్టి నాకు పాట రాదు"

సికింద్రాబాద్‌లో ఇరవై మంది కూడా లేని క్వయర్ మాది. ఏటా క్రిస్మస్ కాన్సర్ట్‌కి ముందు కొత్తవాళ్లను రమ్మంటాం. చాలామంది చెప్పే జవాబు ఒకటే: "నాకు పాట రాదండీ, పైకి వెళ్తే గొంతు లేవదు." ఈ ఒక్క అపోహతో హాయిగా పాడగలిగినవాళ్లు నోరు కట్టేసుకుంటున్నారు.

వాస్తవం: పై స్వరం అందకపోవడం లోపం కాదు, అది మీ గొంతు పరిధి. చర్చి పాటల ట్యూన్ ఎక్కువగా సోప్రానోకి (ఆడవాళ్ల పై గొంతు) అనువుగా ఉంటుంది. పైన 'డి', 'ఈ' అనే స్వరాల దాకా వెళ్తుంది. మగవాళ్లు అదే ట్యూన్‌ని ఒక స్థాయి (ఆక్టేవ్) కింద పాడినా, బేస్ గొంతుకి (మగవాళ్ల కింది గొంతు) ఆ 'డి', 'ఈ' స్వరాలు చివరి అంచు. ఆల్టోలదీ (ఆడవాళ్ల కింది గొంతు) అదే అవస్థ. సాధన చేస్తే ఒకటి రెండు స్వరాలు పెరగొచ్చు గానీ బేస్ టెనర్ (మగవాళ్ల పై గొంతు) అయిపోడు, అవ్వాల్సిన అవసరమూ లేదు. నాలుగు పార్టులు ఉన్నదే అందుకు.

బ్యాంకులో పనిచేసే ఒకాయన భార్యను ప్రాక్టీస్‌కి దింపి బయటే కూర్చునేవారు. చిన్నప్పుడు స్కూల్లో "నువ్వు ఊరికే పెదాలు కదుపు, చాలు" అన్నారట. లోపలికి పిలిచి ఐదు స్వరాలు పాడమన్నాను. అలవాటుగా పైనుంచే ఎత్తుకున్నారు. గడ్డం పైకి లేచింది, మెడ నరాలు ఉబ్బాయి. కీబోర్డు మీద అర స్వరం చొప్పున దించుకుంటూ వచ్చాను. దిగేకొద్దీ భుజాలు వదులయ్యాయి. కింది ఎఫ్ దగ్గర ఎంత నిండుగా పలికిందంటే ఆల్టోలంతా వెనక్కి తిరిగి చూశారు. ఇప్పుడు మా బేస్ వరసకు ఆయనే ఆధారం. పిల్లలతో అలాంటి మాటలనే పెద్దలను తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. గొంతు మారే వయసు మగపిల్లలకైతే దయచేసి "గొంతు పోయింది" అనకండి. అందిన నాలుగైదు స్వరాల్లోనే పాడనివ్వండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నొటేషన్ (గీతల మీద రాసే స్వరలిపి) రాకపోయినా చేరొచ్చు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ ప్రచారంలోకి తెచ్చిన టానిక్ సోల్ఫా అనే 'డో, రే, మీ' పద్ధతిలో 'డో', మన షడ్జమంలాగే, శ్రుతిని బట్టి జరుగుతుంది. సరళీ వరసలు వచ్చినవాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది.

"ఇంత తక్కువమందితో పెద్ద పాటలా?" అంటారు. 1742లో డబ్లిన్‌లో సంగీతకర్త హాండెల్ తన పెద్ద క్వయర్ రచన 'మెసయ్య'ను మొదటిసారి వినిపించినప్పుడు క్వయర్‌లో ఉన్నది 16 మంది మగవాళ్లు, 16 మంది అబ్బాయిలు.

దమ్ము చాలదని టెన్షన్ వద్దు. పొడుగు వరసల్లో ఒక్కొక్కరం ఒక్కో చోట ఊపిరి తీసుకుంటాం, పాట తెగదు. గట్టిగా పాడితేనే గొప్ప అనుకోవద్దు. పక్కవాళ్ల గొంతు మీకు వినపడకపోతే శ్రుతి జారిపోతుంది.

ఇక కాన్సర్ట్ రోజున తేనె, మిరియాల పాలు. తాగండి, హాయిగా ఉంటుంది. కానీ మింగినదేదీ స్వరతంతువులను తాకదు, అది వెళ్లే దారి వేరు. ముందురోజు అరవకుండా, గుసగుసలాడకుండా గొంతుకి విశ్రాంతినిచ్చి, నీళ్లు బాగా తాగి, నిద్రపోయి రండి.