డెట్రాయిట్ 1967: అపోహలు - వాస్తవాలు

అమెరికా నగరాల చరిత్ర బోధించడం నా వృత్తి. మిషిగన్‌లోని తెలుగు కుటుంబాల మధ్య కూర్చున్నప్పుడల్లా డెట్రాయిట్ గురించి నాకు ఒకటే కథ వినిపిస్తుంది: బంగారం లాంటి ఊరిని 1967 జూలైలో నల్లజాతివారు తగలబెట్టారు, ఆ దెబ్బకు తెల్లవారు శివార్లకు తరలిపోయారు, ఊరు పాడుబడింది. డెట్రాయిట్ శివార్లైన నోవై, ట్రాయ్, కాంటన్‌లలో ఇళ్లు కొనుక్కున్న మనవారికి ఈ కథ పాత పొరుగువారి నుంచో సహోద్యోగుల నుంచో అందుతుంది. ఇందులో కొంత నిజం కలిసి ఉంది కనుకనే దీనికి ఇంత ఆయుష్షు.

అపోహ: అది తెల్లవారికీ నల్లవారికీ మధ్య జరిగిన కొట్లాట.

ఈ మాట 1943కు సరిపోతుంది. ఆ జూన్‌లో బెల్ ఐల్ పార్కు వద్ద మొదలైన ఘర్షణల్లో రెండు జాతుల గుంపులు వీధుల్లో పరస్పరం దాడులు చేసుకున్నాయి. 34 మంది చనిపోగా, వారిలో 25 మంది నల్లజాతివారు, ఆ 25 మందిలో 17 మంది పోలీసుల చేతిలో మరణించారు. 1967 నాటి గొడవ ప్రధానంగా పోలీసులతో. లూటీల్లోనైతే తెల్లవారూ చేయి కలిపారు.

జూలై 23, ఆదివారం తెల్లవారుజామున 12వ వీధిలో, క్లెయిర్‌మౌంట్ కూడలి దగ్గర లైసెన్సు లేకుండా నడుస్తున్న ఒక బారు మీద పోలీసులు దాడి చేశారు. లోపల ఓ రెండు డజన్ల మంది ఉంటారని వారి అంచనా. తీరా చూస్తే వియత్నాం యుద్ధానికి సంబంధించిన ఇద్దరు సైనికుల కోసం విందు జరుగుతోంది, 80 మందికి పైగా ఉన్నారు. అందరినీ అరెస్టు చేశారు. వారిని విడతలు విడతలుగా వ్యాన్లలో తరలించడానికి గంటసేపు పట్టింది, ఆ గంటలో ఉక్కకు ఇంకా నిద్రపోని జనం చుట్టూ మూగారు, చివరకు ఎవరో విసిరిన సీసా పోలీసు కారు అద్దాన్ని పగలగొట్టింది. అల్లర్లు అలా మొదలయ్యాయి. ఆ వేళకు నగరం మొత్తం మీద గస్తీలో ఉన్న పోలీసులు 200 మంది కూడా లేరు. జనాభాలో మూడో వంతుకు మించి నల్లజాతివారున్న ఆ నగరంలో పోలీసుల్లో నూటికి 95 మంది తెల్లవారే కావడం, ‘బిగ్ ఫోర్’ అని పేరుపడ్డ పెద్ద కార్లలో నలుగురేసి పోలీసులు తిరుగుతూ కుర్రవాళ్లను ఆపి అవమానించడం ఆ వీధికి ఏళ్ల తరబడి అనుభవమే. ఆనాటి అల్లర్ల మీద విచారణకు అధ్యక్షుడు జాన్సన్ నియమించిన కెర్నర్ కమిషన్ 1968 నివేదికలో, అల్లర్లు జరిగిన నగరాల నల్లజాతివారి ఫిర్యాదుల జాబితాలో పోలీసుల తీరునే అగ్రస్థానంలో ఉంచింది.

అపోహ: తిండికి లేనివారు, చదువు లేనివారు, దక్షిణాది నుంచి కొత్తగా వలస వచ్చినవారు మాత్రమే అందులో పాల్గొన్నారు.

డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్ దినపత్రిక, నల్లజాతివారి హక్కుల సంస్థ అర్బన్ లీగ్ కలిసి, మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల సాయంతో అల్లర్లు చల్లారిన వెంటనే సర్వే చేయించాయి. కాలేజీ మెట్లెక్కినవారూ, బడి మధ్యలో మానేసినవారూ దాదాపు సమాన నిష్పత్తిలో పాల్గొన్నారనీ, దక్షిణాది వలసదారులకంటే ఉత్తరాదిలోనే పెరిగినవారే ఎక్కువనీ తేలింది.

అపోహ: మేడలపై మాటువేసిన సాయుధులు ఎక్కువ మందిని చంపారు.

దీని మీద కొంచెం ఎక్కువ చెప్పక తప్పదు, ఎందుకంటే ప్రాణాలు పోవడానికి ఒక ముఖ్య కారణం ఈ పుకారే. మరణించిన 43 మందిలో 33 మంది నల్లజాతివారు. మొత్తం మృతుల్లో అత్యధికులు పోలీసుల, నేషనల్ గార్డ్ (రాష్ట్రపు రిజర్వు సైనిక దళం) తూటాలకు బలైనవారే. మాటుకాల్పుల నేరం మోపిన 27 మందిలో 22 మందిపై కేసులు ప్రాథమిక విచారణ దశలోనే వీగిపోయాయి. ఒక కిటికీలో ఎవరో సిగరెట్ వెలిగించుకుంటే, ఆ మెరుపును తుపాకీ పేలుడుగా భావించిన గార్డ్ దళం ట్యాంకు మీది మెషిన్‌గన్‌తో ఆ ఇంటిపై కాల్పులు జరపగా నాలుగేళ్ల పాప చనిపోయింది. అల్జీర్స్ మోటెల్‌లో ఇదే అనుమానంతో చొరబడిన దళాల చేతిలో ముగ్గురు నల్లజాతి కుర్రవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. అక్కడ మాటుకాల్పులకు వాడిన తుపాకీ ఏదీ దొరకలేదు, విచారణకు వచ్చిన పోలీసుల్లో ఒక్కరికీ శిక్ష పడలేదు.

అదే వారం, అదే నగరపు తూర్పు భాగంలో సైన్యానికి చెందిన పారాట్రూపర్లు కాపలా కాశారు. వారి అధిపతి జనరల్ త్రాక్‌మార్టన్ తుపాకుల నుంచి తూటాలు తీసివేయమని ఆదేశించాడు. వారు మొత్తం మీద పేల్చినవి 201 తూటాలు. వారు అడుగుపెట్టిన కొన్ని గంటల్లోనే నగరంలో అన్నిటికంటే ప్రశాంతమైన ప్రాంతం అదే అయింది. గార్డ్ దళానికీ అదే ఆదేశం అందింది, కానీ వారిలో చాలామంది దాన్ని పాటించలేదు. వారు దాదాపు అందరూ తెల్లవారు, ఇలాంటి పనికి శిక్షణ లేనివారు; పారాట్రూపర్లలో నల్లజాతి సైనికులు గణనీయంగా ఉన్నారు, యుద్ధం చూసినవారూ ఉన్నారు. అల్లర్లలో ఇంతమంది చావడం అనివార్యమని ఎవరైనా అంటే నేను వారికి చూపించేది ఈ పోలికే.

మాటుకాల్పుల కథలాగే ఆస్తి నష్టం అంకెలనూ పెంచి చెప్పారు. తొలి రోజుల్లో పత్రికలు 20 నుంచి 50 కోట్ల డాలర్ల వరకు రాశాయి. కెర్నర్ నివేదిక నాటికి గరిష్ఠ అంచనా నాలుగున్నర కోట్లు. కుట్ర జరిగిందన్న ప్రచారానికీ ఆ కమిషన్‌కు ఆధారం దొరకలేదు.

అపోహ: తెల్లవారి వలసకు, నగర పతనానికి 1967 నాంది.

1950లో 18.5 లక్షలున్న డెట్రాయిట్ జనాభా 1960 నాటికే 16.7 లక్షలకు దిగింది. ఆ ఒక్క దశాబ్దంలోనే శ్వేతజాతి జనాభా మూడున్నర లక్షలకు పైగా తగ్గింది. ప్యాకార్డ్ కార్ల ఫ్యాక్టరీ 1956లోనే మూతపడింది. నల్లజాతి వ్యాపారాలకు, సంగీతానికి కేంద్రంగా ఉన్న హేస్టింగ్స్ వీధిని ఫ్రీవే కోసం కూల్చివేశారు (ట్రాయ్ నుంచి ఐ-75 మీద డౌన్‌టౌన్‌కు వెళ్లే మనవారి కార్లు దాని మీదుగానే పోతుంటాయి). నిర్వాసితుల్లో చాలామంది 12వ వీధి చుట్టుపక్కల చేరడంతో అక్కడి జనసాంద్రత నగర సగటుకు దాదాపు రెట్టింపయింది. అల్లర్ల తరువాత వలస ఉద్ధృతమైన మాట నిజమే, కాకపోతే అప్పటికే అది పదిహేనేళ్లకు పైగా సాగుతోంది.

అపోహ: ఆ దెబ్బతో పోలీసు శాఖ తీరు మార్చుకుంది.

1971లో దోపిడీలు అరికట్టే పేరుతో ‘స్ట్రెస్’ అనే మారువేషపు దళాన్ని దించారు. దాని కాల్పుల్లో చనిపోయినవారిలో అత్యధికులు మళ్లీ నల్లజాతివారే. దాన్ని రద్దు చేస్తాననే హామీతో పోటీ చేసిన కోల్‌మన్ యంగ్ 1973లో నగరపు తొలి నల్లజాతి మేయర్‌గా ఎన్నికై, మరుసటి ఏడాది ఆ దళాన్ని ఎత్తివేసి, నల్లజాతివారిని పెద్ద సంఖ్యలో పోలీసు ఉద్యోగాల్లోకి తీసుకోవడం మొదలుపెట్టాడు. దానిపై పోలీసు సంఘాలు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాయి.