మగచెట్టు ఒక్కటే మిగిలింది, ఇక విత్తనం ఎక్కడిది?

లండన్‌లో క్యూ గార్డెన్స్ అనే బొటానికల్ గార్డెన్ గాజుమేడలో ఎన్సెఫలార్టోస్ వుడీ అనే చెట్టుంది, చూడ్డానికి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈత కాదు, సైకాడ్ అనే చాలా పాత వంశం. 1895లో జాన్ మెడ్లీ వుడ్ అనే వృక్షశాస్త్రవేత్త దక్షిణాఫ్రికాలో ఎన్‌గోయె అడవి అంచున దీన్ని చూశాడు, ఒకటే దుబ్బు, తర్వాత ఎంత వెతికినా ఇంకోటి కనబడలేదు. 1899లో అందులోంచి ఒకటి క్యూకి చేరింది, 1916లో అడవిలో మిగిలిన చివరి మానునీ పెకిలించి తీసుకెళ్లిపోయారు. ఇప్పుడు ప్రపంచంలో ఎన్ని గార్డెన్లలో ఉన్నా అన్నీ దాని పిలకలే, పైగా అన్నీ మగవే. బతికే ఉంది కానీ పిల్లల్లేరు.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందంటే, బొటానికల్ గార్డెన్లు అసలు మొక్కల్ని కాపాడ్డానికి పుట్టలేదు. 1545లో ఇటలీలో పాడువా తోట పెట్టింది వైద్యం చదివేవాళ్లు మూలికల్ని గుర్తుపట్టడం నేర్చుకోడానికి, దానికి రకానికొకటి ఉంటే చాలు కదా. తర్వాత డబ్బు యావ మొదలైంది. 1876లో హెన్రీ వికమ్ బ్రెజిల్ నుంచి దాదాపు 70 వేల రబ్బరు విత్తనాలు క్యూకి పట్టుకొచ్చాడు, మొలిచినవి 3 వేల లోపే, ఆసియాలో రబ్బరు తోటలు చాలావరకు వాటి సంతానమే. వ్యాపారమైతే వేలల్లో తెచ్చారు, అరుదైన మొక్కయితే స్టాంపుల ఆల్బమ్‌లా ఒక్కోటి అతికించుకున్నారు, నాకు అర్థమైనంతలో తేడా అక్కడే వచ్చింది.

అదృష్టం కలిసొచ్చినవీ ఉన్నాయి. ఫ్రాంక్లినియా అనే పూలచెట్టుని 1765లో బార్‌ట్రామ్ తండ్రీకొడుకులు అమెరికాలో ఆల్టమహా నది ఒడ్డున చూశారు, కొడుకు తర్వాత మళ్లీ వెళ్లి విత్తనాలు తెచ్చాడు. 1803 తర్వాత అడవిలో అది ఎవరికీ కనబడలేదు, ఇప్పుడున్నవన్నీ ఆ గింజల పుణ్యమే.

కాపాడాలనే మాట గట్టిగా వినబడింది మాత్రం చాలా ఆలస్యంగా. బొటానికల్ గార్డెన్ల అంతర్జాతీయ సంస్థ బీజీసీఐ వచ్చింది 1987లో, ముప్పులో ఉన్న జాతుల్లో 75 శాతం సేకరణల్లో ఉండాలనే టార్గెట్‌కి 2020 గడువు. 2017లో ఒక అధ్యయనం లెక్క తీస్తే గార్డెన్లలో 41 శాతమే తేలాయి. ఈ లెక్కల్లోనూ ఒక తిరకాసుంది, ఎక్కడో ఒక కుండీలో ఒక్క మొక్కున్నా ఆ జాతి 'ఉన్నట్టే'. అందుకే ఇప్పుడు మొక్క కంటే లేబుల్ ముఖ్యం అంటారు, ఏ కొండ, ఏ తల్లిచెట్టు, ఏ సంవత్సరం అనేది రాసిలేకపోతే అది ఉత్త అలంకారమే. పోనీ విత్తనాలు ఎండబెట్టి ఫ్రీజర్‌లో పెడదామా అంటే ఓక్, కోకో లాంటివి ఎండితే చచ్చిపోతాయి, వాటిని మొక్కగానే పెంచుకోవాలి.

వుడీ సంగతికొస్తే, దగ్గరి జాతి ఆడచెట్టుతో కలిపి సంకరాలు పుట్టిస్తున్నారు, ఈమధ్య ఎన్‌గోయె అడవి మీద డ్రోన్లు ఎగరేసి ఆ ఫొటోల్లో కంప్యూటర్ చేత ఆడచెట్టు కోసం వెతికిస్తున్నారు కూడా. ఇంకా దొరకలేదు.