నీళ్లలో ఆగిన కారుకు మళ్లీ సెల్ఫ్ కొట్టకండి: వానాకాలం అద్దె కార్లు, అపోహలు - వాస్తవాలు

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అనంతపురంలో గట్టి వాన పడిన రాత్రి నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకటే. "అన్నా, బండి నీళ్లల్లో ఆగిపోయింది. సెల్ఫ్ కొడతానే ఉండా, పట్టుకోవడం లేదు." కొడతానే ఉన్నానని చెప్పిన మరుక్షణం నేను అరిచినంత పని చేస్తాను. ఆపు, తాళం తియ్యి, మళ్లీ ముట్టుకోవద్దు అని. అప్పటికే ఆలస్యమై ఉంటుంది చాలాసార్లు.

సెల్ఫ్ డ్రైవ్ కార్లు అద్దెకివ్వడం నా పని. మనది కరువు జిల్లా. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. అందుకే వానలో బండి నడపడం గురించి ఇక్కడ ఎవరూ పెద్దగా ఆలోచించరు. కానీ 2022 అక్టోబరులో ఊరి మధ్య పారే నడిమివంక వాగు పొంగి పల్లపు కాలనీలు ఎలా మునిగాయో చూశాం కదా. వాన తక్కువ రోజులే పడవచ్చు, పడిన రోజు మాత్రం ఊరు ఆగిపోతుంది. ఆ రోజు మీ చేతిలో ఉన్నది అద్దె బండి అయితే టెన్షన్ రెండింతలు.

అపోహ: "సైలెన్సర్ మునగకుండా, రేస్ తగ్గించకుండా పోతే ఏమీ కాదు."

జనానికి ఎక్కువ డబ్బు పోగొట్టేది ఈ మాటే. బైకులు నడిపిన అలవాటుతో చెప్తారు, పక్కనున్నవాళ్లు నమ్ముతారు. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లేది ముఖ్యంగా వెనక నుంచి కాదు, ముందు నుంచి. ఎయిర్ ఫిల్టర్‌కు గాలి అందించే గొట్టం మూతి చాలా కార్లలో బానెట్ కింద, గ్రిల్ వెనకో హెడ్‌లైట్ పక్కనో ఉంటుంది. మీరు రేస్ పెంచేకొద్దీ అది ఇంకా గట్టిగా పీలుస్తుంది. వేగంగా నీళ్లలో దూరితే బంపర్ ముందు అల లేస్తుంది. అదే సమయానికి ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే దాని అల కూడా తోడవుతుంది. నిలిచిన నీళ్లు మోకాలి లోతే ఉన్నా, ఆ ఒక్క క్షణం గ్రిల్ మీదిదాకా వస్తాయి. గొట్టానికి ఆ క్షణం చాలు.

గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకి వచ్చి నీటికి కొట్టుకుని నిలిచిపోతుంది, కింద క్రాంక్ తిరగాలని చూస్తుంది, మధ్యలో ఆ రెంటినీ కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ బండిలో పిస్టన్ పైన మిగిలే ఖాళీ ఇంకా తక్కువ కాబట్టి కొన్ని నీళ్లకే పని అయిపోతుంది.

ఇక్కడే అసలు సంగతి. నెమ్మదిగా పోతూ నీళ్లలో ఆగిపోయిన ఇంజిన్‌కు చాలాసార్లు అప్పటికి పెద్ద దెబ్బ తగిలి ఉండదు. ఆ తర్వాత కొట్టే సెల్ఫే దాన్ని పాడు చేస్తుంది. ఒకవేళ అదృష్టం బాగుండి స్టార్టయినా, వంగిన రాడ్‌తో కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత ఏ హైవే మీదో ఆ రాడ్డే ఇంజిన్ బ్లాక్ పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఇంజిన్ విప్పి బాగు చేయించాలంటే చిన్న కారుకు కూడా బిల్లు లక్ష దాటడం మామూలే.

మా దగ్గర బండి తీసుకున్న ఒక టీచర్ గారు కుటుంబంతో తిరుపతి నుంచి రాత్రిపూట వస్తూ ఊరి దగ్గర రైల్వే బ్రిడ్జి కింద ఇరుక్కున్నారు. ముందు పోయిన ఆటో దాటింది కదా అని దింపారు. మధ్యలో ఆగింది. డోర్ల కింద నుంచి లోపలికి నీళ్లు, వెనక సీట్లో పిల్లలు. "పిల్లోళ్లు ఏడుస్తాండారన్నా, ఏం చేయాల్నో తెలీక కొట్టినా" అన్నాడాయన తర్వాత. ఆయన్ని నేనేమీ అనలేదు. చీకట్లో, పిల్లల ఏడుపు మధ్య ఎవరి చెయ్యి అయినా తాళం మీదికే పోతుంది. మరుసటి రోజు మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీసి చూపించాడు. ఫిల్టర్ కాగితం తడిసి ముద్దయింది, డబ్బా అడుగున సన్నటి ఇసుక. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ బయటికి లాగితే ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంది. ఒక రాడ్ వంగింది.

అదే వానాకాలం, బుక్కరాయసముద్రం వైపు నుంచి వస్తున్న ఒక లెక్చరర్ మేడమ్ బండి కూడా నీళ్లలోనే ఆగింది. ఆవిడ తాళం తీసేసి, దిగి, నలుగురిని పిలిచి తోయించి గట్టు మీద పెట్టి ఫోన్ చేశారు. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఉత్త ఇంజిన్ తిప్పితే ఆ రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్మాయి. ఫిల్టరు, ఆయిలు మార్చాం. బండి ఇప్పటికీ నడుస్తోంది.

కాబట్టి బండి ఆగితే ముందు అద్దాలు దించండి. కరెంటు పోయిందంటే పవర్ విండోలు దిగవు, తర్వాత డోరు తెరుచుకోకపోతే మనుషులకే ప్రమాదం. ఇగ్నిషన్ ఆఫ్ చేయండి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి, పిల్లల్ని, పెద్దవాళ్లని ముందు బయటికి దింపండి. తర్వాత తోయండి, తోయలేకపోతే అక్కడే వదిలి రండి. ఆటోమేటిక్ బండి అయితే తాడు కట్టి లాగనివ్వకండి, ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించమని అడగండి. ఓనరుకు ఫోన్ చేయడానికి భయపడొద్దు. వాళ్లు తిడతారేమోనని మీరే స్టార్ట్ చేసి చూద్దామనుకోవడం వల్లే సగం ఇంజిన్లు పోతున్నాయి. కొత్త బండ్లలో సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగి మళ్లీ స్టార్టయ్యే సిస్టమ్ ఉంటుంది. నీళ్లున్న రోడ్డులోకి వెళ్లేముందు దాని బటన్ నొక్కి ఆఫ్ చేయండి, లేకపోతే మీరు కొట్టకపోయినా అదే సెల్ఫ్ కొడుతుంది.

అసలు దిగాలా వద్దా అన్నదానికి నేను చెప్పే లెక్క: చక్రం నడిమి బిళ్ల మునిగే లోతుంటే దిగొద్దు. ఎదురుగా వచ్చే కారు చక్రాన్ని చూడండి, డివైడర్ ఎంత మునిగిందో చూడండి. ఆటోను, బస్సును చూసి నిర్ణయించుకోకండి. నీళ్లు పారుతుంటే ఈ లెక్క కూడా పనికిరాదు. పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కారును తేల్చేస్తాయి, రెండడుగులైతే పెద్ద బండ్లను కూడా కొట్టుకుపోతాయి. వంక రోడ్డు మీద నుంచి పారుతుంటే ఆగండి, అంతే. ఫ్లైటు పోతే ఇంకోటి ఉంది.

అపోహ: "బంపర్ టు బంపర్ ఇన్సూరెన్స్ ఉంది, అన్నీ వాళ్లే కడతారు."

బంపర్ టు బంపర్ అనేదాన్నే జీరో డెప్రిసియేషన్ అంటారు. అంటే మార్చిన పార్టుల తరుగు కోయరు, అంతవరకే. నీళ్లలో ఆగాక సెల్ఫ్ కొట్టి పాడైన ఇంజిన్‌ను చాలా కంపెనీలు పర్యవసాన నష్టం, అంటే ప్రమాదం తర్వాత చేసినదాని వల్ల జరిగిన నష్టం కింద లెక్కేసి క్లెయిమ్ తోసిపుచ్చుతాయి. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు (యాడ్ ఆన్) విడిగా ఉండాలి. అద్దెకు తీసుకునేటప్పుడు ఏ సీటు కవరు, ఏ పాటల సిస్టమ్ అని అడుగుతారే గానీ, ఇది ఉందా అని అడిగేవాళ్లు అరుదు. అడగండి, పాలసీ కాగితంలో చూపించమనండి. ఉంటే డ్యామేజీ అయినప్పుడు మీరు కట్టాల్సింది ఎంతవరకో అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

వైట్ బోర్డు (తెల్ల నంబరు ప్లేటు) బండి చవకగా వస్తోందని తీసుకునేవాళ్లకు ఇంకో మాట. సొంత వాడకానికి రిజిస్టరైన కారును అద్దెకు తిప్పడం ఆ పాలసీ షరతులకే విరుద్ధం. ఏదైనా జరిగితే కంపెనీ క్లెయిమ్ కొట్టేస్తుంది, ఓనరు మీ మీద పడతాడు. అసలైన సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. దాన్ని నడపడానికి కారు నడిపే మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్ చాలు. "బోర్డు చూసి పోలీసులు ఆపుతారు" అని భయపెట్టేవాళ్ల మాట పట్టించుకోకండి. కాగితాలుంటే ఆపినా పంపిస్తారు.

మిగతా అపోహలు త్వరగా చెప్తాను.

ఎస్‌యూవీ అయితే నీళ్లలో భయం లేదంటారు. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, క్రెటాది 190. తేడా అంగుళం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ అంగుళాన్ని నమ్ముకుని వంకలో దిగుతారా?

వానలో టైర్లలో గాలి తగ్గిస్తే గ్రిప్ వస్తుందని ఎవరో పుట్టించారు. తప్పు. గాలి తగ్గితే టైరు మధ్యభాగం నీటిని సరిగా కోయలేక బండి నీళ్ల మీద తేలే అవకాశం పెరుగుతుంది. కంపెనీ చెప్పిన ప్రెషర్ డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, అదే పెట్టండి.

ఏబీఎస్ ఉన్నంత మాత్రాన తడి రోడ్డు మీద బండి వెంటనే ఆగదు. అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసి, బ్రేకు తొక్కినప్పుడు కూడా స్టీరింగ్ మీ మాట వినేలా చేస్తుంది, అది దాని పని. దూరం మీరే పాటించాలి. మన దగ్గర నెలల తరబడి దుమ్ము, ఆయిల్ పేరుకున్న రోడ్డు మీద తొలి వాన పడిన పది నిమిషాలు మరీ జారుడు.

జోరు వానలో నాలుగు ఇండికేటర్లు వేసుకుని నడపకండి. మీరు ఆగారా, పోతున్నారా, ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. లో బీమ్ హెడ్‌లైట్లు వేయండి. అద్దాలకు ఆవిరి పడితే ఏసీ ఆన్ చేసి, గాలిని ముందు అద్దం మీదికి తిప్పి, లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ తీసేయండి. వానకు ఏసీ ఎందుకని గుడ్డతో తుడుచుకుంటూ నడిపేవాళ్లను చూస్తుంటాను, భయమేస్తుంది.

బండి తీసుకునేటప్పుడు మాత్రం తొందరపడకండి. మన ఎండలకు వైపర్ రబ్బరు ఎండి పగిలిపోతుంది, వాన మొదలయ్యేదాకా ఎవరికీ తెలియదు. నీళ్లు చల్లి వైపర్ తిప్పించండి, గీతలు వదిలితే మార్చమనండి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడి అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి, రబ్బరు వాటితో సమానంగా అరిగిపోతే ఆ బండి వద్దు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, బురద గీత కనిపిస్తే ఆ బండి ఒకసారి మునిగిందని అర్థం. వాసన పోగొట్టడానికి సెంటు కొడతారు గానీ, బెల్టు చివర కడగాలని ఎవరికీ తోచదు. తడిసిన బాడీ మీద పాత గీతలు కనిపించవు కాబట్టి వానలో బండి అప్పజెప్తుంటే షెడ్డు కిందికి తెచ్చి, తుడిపించి, అప్పుడు నాలుగు వైపులా వీడియో తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా ఓనరు ముందు అలాగే తుడిచి తీయండి. డిపాజిట్ గొడవలు సగం అక్కడే తీరిపోతాయి.