ఎక్కడి లోకల్? ఒడిశా సరిహద్దు తెలుగు పిల్లల వైద్య చదువుల వెనుక కథ

వైద్య ప్రవేశ పరీక్ష నీట్ ఫలితాలు వచ్చిన వారం పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం తెలుగు ఇళ్లలో ఫోన్లు ఆగవు. మార్కుల సంగతి మొదటి రోజే అయిపోతుంది. తర్వాత అందరూ అడిగేది ఒకటే: "ఇంతకీ మనవాడు ఎక్కడి లోకల్?" అంటే ఏ రాష్ట్రం కాలేజీల్లో స్థానికుల వాటా సీటు అడగొచ్చని. శ్రీకాకుళంలో ఉన్న మేనమామ ఒకటి చెప్తాడు, భువనేశ్వర్‌లో ఉద్యోగం చేసే బాబాయి ఇంకొకటి చెప్తాడు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంటుంది. కౌన్సెలింగ్ తేదీలు మాత్రం దగ్గర పడుతూ ఉంటాయి. ఎంబీబీఎస్ ఒక్కటే కాదు, నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నాలజీ సీట్లకీ ఇదే టెన్షన్. ఈ చిక్కుముడి దాదాపు తొంభై ఏళ్లుగా ఒక్కో ముడీ పడుతూ వచ్చింది.

1923లో విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ పెట్టినప్పుడు ఇలాంటి ప్రశ్న ఎవరికీ రాలేదు. గంజాం, విశాఖపట్నం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలే. బరంపురం గంజాంలోది, జయపురం ఎస్టేటు విశాఖపట్నం జిల్లాలోది. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో రోగం చూపించుకోవడానికి వెళ్లినా, పక్కనున్న కాలేజీలో డాక్టరు చదువుకి వెళ్లినా మన జిల్లాకో, పక్క జిల్లాకో వెళ్లినట్టే. మూడేళ్ల తర్వాత, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్ర యూనివర్సిటీ వచ్చింది. దాని సైన్సు కాలేజీకి జయపురం విక్రమదేవ్ కళాశాల అని పేరు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తానని మాటిచ్చి నిలబెట్టుకున్నాడు, అందుకని ఆ పేరు. ఇవాళ కోరాపుట్ జిల్లాలో ఉన్న ఊరి సొమ్ము వాల్తేరు కొండ మీద సైన్సు చదువుకి పునాది వేసిందన్నమాట. ఆ జయపురం పిల్లలే ఇప్పుడు అక్కడ నాన్‌లోకల్. ఈ సంగతి చెప్తే విశాఖలో చాలామంది నమ్మరు, పేరు మాత్రం బోర్డు మీద చదువుతారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం, కోరాపుట్ అటు వెళ్లాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం ఇటు ఉండిపోయాయి. పర్లాకిమిడి జమీందారీ అయితే నిలువునా చీలింది. పట్టణం, ఏజెన్సీ కొండలు ఒడిశాకి, మైదానంలో పెద్ద భాగం మద్రాసుకి. ఆ జమీందారు కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడాదే ఒడిశాకి తొలి ప్రధానమంత్రి అయ్యాడు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ దాటితే పాతపట్నం. బజారు ఒకటే, పెళ్లి సంబంధాలు అటూ ఇటూ, చదువులకి మాత్రం రెండు రాష్ట్రాలు.

గీత పడగానే చదువుల దారి మారిపోలేదు. అప్పటికి ఒడిశాలో వైద్య చదువుకి ఉన్నది కటక్‌లోని మెడికల్ స్కూలే. అది కాలేజీగా మారింది 1944లో. దక్షిణ ఒడిశాకి సొంత మెడికల్ కాలేజీ రావడానికి 1962 దాకా పట్టింది. బరంపురంలో వెలిసిన ఆ కాలేజీకి ఇప్పుడున్నది పర్లాకిమిడి మహారాజు పేరే, ఎంకేసీజీ, అంటే మహారాజా కృష్ణచంద్ర గజపతి. కొండ ప్రాంతంలో మిషనరీలు ఇంకో దారి వేశారు. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954లో ఒక డేనిష్ డాక్టరమ్మ మొదలుపెట్టిన క్రిస్టియన్ ఆసుపత్రి తర్వాత నర్సింగ్ చదువు కూడా చెప్పే చోటు అయింది. కోరాపుట్‌కి షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ వచ్చింది 2017లో. బరంపురం కాలేజీకీ దీనికీ మధ్య యాభై అయిదేళ్లు. ఆ కాలంలో కోరాపుట్, రాయగడ వైపు నుంచి డాక్టరు కావాలనుకున్న పిల్లలు పొట్టంగి ఘాట్ దిగి సాలూరు మీదుగా విశాఖ వైపు చూడడం సహజమే. అయితే ఆ మధ్యలోనే అటు తలుపు మూసుకుపోయింది.

మూసింది 1974లో. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం చల్లారాక ఆరు సూత్రాల ఒప్పందం కుదిరింది. దాన్నుంచి రాజ్యాంగంలో 371-డి అధికరణం, దాని కింద విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఆంధ్ర, శ్రీవెంకటేశ్వర, ఉస్మానియా అని మూడు ప్రాంతాలు చేసి, సీట్లలో 85 శాతం ఆ ప్రాంతం లోకల్స్‌కి ఇచ్చారు. లోకల్ అంటే ఎవరు? అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాళ్లు. మెడికల్‌కి అర్హత పరీక్ష ఇంటర్ కాబట్టి 9, 10, ఇంటర్ రెండేళ్లు. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకి కూడా రాష్ట్రంతో ఏదో ఒక సంబంధం చూపించాలి. పదేళ్లు అక్కడ నివాసం ఉన్నామనో, తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడి ప్రభుత్వ ఉద్యోగి అనో కాగితం ఉండాలి.

ఈ ఉత్తర్వు రాసింది తెలంగాణ, రాయలసీమ, కోస్తా మధ్య తగవు తీర్చడానికి. సరిహద్దు అవతలి తెలుగువాళ్ల ఊసు ఆ కాగితంలో ఎక్కడా లేదు. అయినా దెబ్బ వాళ్లకే గట్టిగా తగిలింది. పదో తరగతి పర్లాకిమిడిలో పూర్తి చేసి, "ఇంటర్ అయినా వైజాగ్‌లో చదివిద్దాం" అని లక్షలు పోసి కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేసే తల్లిదండ్రులు ఇప్పటికీ కనిపిస్తారు. కోచింగ్ కోసమైతే వాళ్లిష్టం. లోకల్ అవుతాడని వేస్తే మాత్రం రెండేళ్లు ఆలస్యం. నిర్ణయం తొమ్మిదో తరగతి అడ్మిషన్ రోజే జరిగిపోయింది, ఆ రోజు ఎవరికీ తెలియలేదు అంతే.

ఇంకో విడ్డూరం ఉంది. సుప్రీంకోర్టు తీర్పుల మేరకు 1986 నుంచి దేశమంతటా ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఏ రాష్ట్రం పిల్లలైనా పోటీపడే ఆలిండియా కోటాకి వెళ్తున్నాయి. 371-డి సాకుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో చేరలేదు. దాంతో బరంపురం కుర్రాడికి మంచి ర్యాంకు వస్తే లక్నోలోనో చెన్నైలోనో సీటు దొరికే వీలుంది, రైలెక్కితే పూటలో చేరే విశాఖలో మాత్రం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ కోటాలో చేరింది 2018లో. ముప్పై ఏళ్లకి పైగా మూసి ఉన్న ఆ కిటికీ అలా తెరుచుకుంది. ఇప్పుడు సరిహద్దు పిల్లలు విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చేరాలంటే నికరమైన దారి అదే. ర్యాంకు మాత్రం చాలా పైన ఉండాలి.

అదే సమయంలో నీట్ వచ్చి పడింది. 2013లో ఒకసారి పెట్టి, కోర్టు కొట్టేసి, మళ్లీ 2016లో ఖాయం చేశారు. 2017 నుంచి తెలుగులోనూ ఒడియాలోనూ పేపరు ఇస్తున్నారు. సంతోషించాల్సిందే, కానీ ఇందులో ఒక మెలిక. తెలుగు పేపరు ఇచ్చేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సెంటర్లలోనే. ఒడియా పేపరు ఒడిశా సెంటర్లలో. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు మీడియం బడిలో చదివిన పిల్ల బరంపురం సెంటర్లో కూర్చుంటే ఇంగ్లీషులో రాయాలి, లేదంటే హిందీలోనో ఒడియాలోనో. ఆ బడులే ఏటికేడాది తగ్గిపోతున్నాయి కాబట్టి ఈ విషయం పెద్దగా ఎవరూ అడగడం లేదు.

కులం సర్టిఫికెట్ దగ్గర మరో దెబ్బ. ఒక రాష్ట్రంలో బీసీయో ఎస్టీయో అయిన కులం ఇంకో రాష్ట్ర జాబితాలో అదే వర్గంలో ఉండాలని లేదు. దీని మీద సుప్రీంకోర్టు 1990లో ఇచ్చిన తీర్పు కథ కూడా మెడికల్ సీటుదే, తెలుగు కుటుంబానిదే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న కులం కుర్రాడు, తండ్రి ఉద్యోగం మీద చిన్నప్పుడే బొంబాయి వెళ్లి అక్కడే చదివాడు. సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగితే ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఎస్టీ గుర్తింపుతో మహారాష్ట్రలో ఆ హక్కు రాదని కోర్టు తేల్చింది. సరిహద్దు దాటి సంబంధాలు కలుపుకునే మన కుటుంబాల్లో ఈ తీర్పు సంగతి సీటు అడిగే రోజు దాకా ఎవరికీ తెలియదు.

ఇక ఒడిశా వైపు చూద్దాం. సీటుకి అక్కడ ముఖ్యంగా అడిగేది తహసీల్దారు ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్. తాతల నాటి నుంచి అక్కడే ఉన్న తెలుగువాళ్లకి అది దొరకడం కష్టమేమీ కాదు. చిక్కు చదువు అయ్యాక వస్తుంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్లలో ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలని, మిడిల్ స్కూల్ స్థాయిలోనైనా ఒడియా సబ్జెక్టుగా పాసై ఉండాలని, లేదంటే ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా పాసవ్వాలని షరతు ఉంటుంది. నర్సుకైనా ఫార్మసిస్టుకైనా అంతే. అంటే ఒడియా లేకుండా నది అవతల చదివిన పిల్లకి డిగ్రీ చేతిలో ఉన్నా, ఆ పరీక్ష పాసయ్యేదాకా సొంత జిల్లా ఆసుపత్రిలో పోస్టుకి దరఖాస్తు పెట్టడం దగ్గరే ఆగిపోతుంది. ఏడో తరగతిలో ఒడియా, తొమ్మిదో తరగతిలో బడి ఉన్న ఊరు. ఈ రెండే మొత్తం దారిని తేలుస్తున్నాయంటే అతిశయోక్తి కాదు. ఇది ఇంటర్లో బైపీసీ ఎంచుకునే రోజు మాట్లాడుకునే విషయం కానే కాదు.

అసలు అవసరం చూస్తే వేరేగా ఉంటుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి జనం బరంపురం పెద్దాసుపత్రికి వెళ్తారు. వార్డులో "కడుపులో మంట" అని ఒకరు తెలుగులో చెప్తుంటే పక్క మంచం మీద ఇంకొకరు ఒడియాలో మూలుగుతుంటారు. రెండు భాషలూ వచ్చిన నర్సు అక్కడ ఇద్దరి పని చేస్తుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చి సెంటరు, ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ టెక్నీషియన్ల పని ఈ ప్రాంతంలో ఇప్పట్లో తగ్గేది కాదు. అయినా రెండు భాషలు రావడాన్ని అర్హతగా చూడడం ఏ వైపూ కనిపించదు.

అందుకే ఎంబీబీఎస్ కాని కోర్సుల కథ కూడా తెలియాలి. బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ నాలుగేళ్లు, నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం మూడేళ్లు, సహాయ నర్సు కోర్సు ఏఎన్ఎం రెండేళ్లు. ఆంధ్రాలో చదివి ఒడిశాలో పని చేయాలంటే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అక్కడికి మార్చుకోవాలి. బీఫార్మసీకి నీట్ అక్కర్లేదు, ఒడిశాలో ఓజేఈఈ, ఆంధ్రాలో ఈఏపీసెట్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. బరంపురం, జయపురంలో ఫార్మసీ కాలేజీలు ఎప్పటినుంచో ఉన్నాయి. బరంపురం దగ్గర అంకుశపూర్‌లో ఆయుర్వేద కాలేజీ, బరంపురంలో హోమియో కాలేజీ కూడా ఉన్నాయి. వాటికి నీట్ రాయాల్సిందే.

గందరగోళం ఎక్కువగా ఉన్నది పారామెడికల్, అలైడ్ హెల్త్ కోర్సుల్లో. మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ, రేడియాలజీ, ఆప్టోమెట్రీ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్ లాంటివాటికి 2021 దాకా దేశమంతటికీ ఒక చట్టం అంటూ లేదు. ఒక చోట రెండేళ్ల డిప్లొమా, ఇంకో చోట మూడేళ్ల డిగ్రీ, మరో చోట ఆర్నెల్ల సర్టిఫికెట్. అన్నిటికీ ఒకటే పేరు. 2021లో పార్లమెంటు జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. టెక్నీషియన్ల లాంటి అలైడ్ వృత్తులకి రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2000 గంటలు, థెరపిస్టుల లాంటి హెల్త్‌కేర్ వృత్తులకి మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3600 గంటల శిక్షణ ఉండాలంది. 2025లో యూజీసీ ఈ కోర్సుల్ని దూరవిద్యలో, ఆన్‌లైన్లో నడపొద్దని చెప్పింది. ఇంట్లో కూర్చుని ల్యాబ్ టెక్నీషియన్ అవ్వచ్చని ఇప్పటికీ ఎవరైనా పాంప్లెట్ ఇస్తే అక్కడే చించేయండి.

ప్రైవేటు యూనివర్సిటీలు సరిహద్దుకి వచ్చింది 2010 నుంచే. పర్లాకిమిడిలో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన సంస్థ 2010లో సెంచూరియన్ యూనివర్సిటీ అయింది. ఆ క్యాంపస్ చిరునామాలో అల్లూరి నగర్ అని ఉంటుంది, అక్కడి తెలుగువాళ్లకి అదో ముచ్చట. అలైడ్ హెల్త్ కోర్సులూ ఆ యూనివర్సిటీలో ఉన్నాయి. 2017లో విజయనగరం దగ్గర అదే పేరుతో ఇంకో యూనివర్సిటీ వచ్చింది. ఇలాంటి చోట్ల లోకల్, నాన్‌లోకల్ తలనొప్పి తక్కువ, ఫీజు తలనొప్పి ఎక్కువ. అడ్మిషన్ ఆఫీసులో మనవాళ్లు సాధారణంగా అడిగేది హాస్టల్, మెస్, బస్సు గురించి. అడగాల్సింది వేరే: కోర్సు ఈ క్యాంపస్‌లోనే జరుగుతుందా, ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో, ఆ ఆసుపత్రికి ఎన్ని పడకలు, రోజుకి ఎంతమంది రోగులు వస్తారు. డయాలసిస్ కోర్సు చెప్పే చోట మెషిన్లు చూపించమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

2014 విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగిసింది. అప్పటినుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లోకల్ నిబంధనల్లో మార్పులు జరుగుతున్నాయి. కాబట్టి ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, ఒడిశా కౌన్సెలింగ్ కమిటీ ఆ ఏడాది ఇచ్చిన ప్రాస్పెక్టస్ చదవాలి, పోయినేడు సీటు తెచ్చుకున్న పక్కింటి అబ్బాయి మాట కాదు. ఆరో తరగతి నుంచి ప్రతి బడి స్టడీ సర్టిఫికెట్, ఒడియా పాసైన మార్కుల లిస్టు, రెసిడెంట్ సర్టిఫికెట్, ఏ రాష్ట్రంలో సీటు అడుగుతున్నారో ఆ రాష్ట్రం ఇచ్చిన కులం సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టుకోవాలి. మూతపడిన బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ కావాలంటే మండల విద్యాధికారి ఆఫీసుకో, ఒడిశాలో అయితే బ్లాకు విద్యాధికారి ఆఫీసుకో వెళ్లాలి. ఆ పని కౌన్సెలింగ్ వారంలో అవ్వదు, ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టాలి.