మొదటి దీర్ఘ ఉపవాసంలో తలనొప్పి: అపోహలు - వాస్తవాలు

ఇక్కడ మాట్లాడుతున్నది 24 నుంచి 72 గంటల పాటు నీళ్లతో మాత్రమే చేసే ఉపవాసం గురించి. అంతకు మించితే వైద్యుల పర్యవేక్షణ ఉండాల్సిందే. మొదటిసారి చేసేవాళ్లను ఆకలి కన్నా ఎక్కువ సతాయించేది తలనొప్పి. ఆకలి అలలా వస్తుంది. రోజూ తినే వేళకు పెరుగుతుంది, కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. తలనొప్పి అలా పోదు, కారణం తెలుసుకుని సరిచేయాలి. అందుకు ముందుగా చూడాల్సింది ఒకటే: నొప్పి ఎన్నో గంటకు మొదలైంది?

అపోహ: తల నొస్తోందంటే ఒంట్లో విషాలు బయటికి పోతున్నట్టే.

వాస్తవం: అన్ని అపోహల్లోకీ చెడ్డది ఇదే. దీన్ని నమ్మినవాళ్లు నొప్పి పెరిగే కొద్దీ మంచే జరుగుతోందనుకుని పంటి బిగువున భరిస్తారు. వ్యర్థాలను తొలగించే పని కాలేయం, మూత్రపిండాలు తిన్న రోజు కూడా చేస్తూనే ఉంటాయి, దానికి తల నొయ్యక్కర్లేదు. ఉపవాసపు తలనొప్పికి తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణలో విడిగా చోటుంది: కనీసం 8 గంటలు తినకపోతే వచ్చేది, తిన్నాక 72 గంటల్లోపు తగ్గిపోయేది. సాధారణంగా తలంతా పరుచుకుని ఉంటుంది, ఓ మోస్తరుగా నొస్తుంది, నాడి కొట్టుకున్నట్టు పోటు పెట్టదు. ఉపవాసం పొడుగయ్యే కొద్దీ వచ్చే అవకాశం పెరుగుతుంది. మామూలు రోజుల్లోనూ తలనొప్పులు వచ్చేవాళ్లకు మరీ ఎక్కువ. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఒక పూట భోజనం తప్పినా నొప్పి రేగవచ్చు కాబట్టి, వాళ్లు ఏకంగా రెండు మూడు రోజులతో మొదలుపెట్టకపోవడమే మంచిది.

అపోహ: కాఫీ, టీలు ఉపవాసం రోజున మానేస్తే చాలు.

వాస్తవం: మొదటి రోజు సాయంత్రం మొదలై రెండో రోజు ముదిరే తలనొప్పిలో ముందుగా అనుమానించాల్సింది కెఫీన్‌నే. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల మధ్య నొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో తారస్థాయికి చేరుతుంది, రెండు నుంచి తొమ్మిది రోజుల దాకా ఉండొచ్చు. రోజుకు 100 మిల్లీగ్రాముల కెఫీన్ అలవాటున్నా, అంటే సుమారుగా ఒక కప్పు కాఫీ తాగేవాళ్లకైనా, ఇది రావచ్చు. కెఫీన్ మెదడులోని రక్తనాళాలను కాస్త బిగించి ఉంచుతుంది. అది లేకపోయేసరికి అవి వ్యాకోచిస్తాయి, నొప్పి మొదలవుతుంది.

దీనికి మందు ఉపవాసంలో కాదు, దానికి రెండు వారాల ముందు ఉంది. రోజుకు నాలుగు కప్పులు తాగేవాళ్లు మూడు రోజులు మూడు కప్పులు, తర్వాతి మూడు రోజులు రెండు, ఆపై మూడు రోజులు ఒకటి, చివర్లో రెండు రోజులు అరకప్పుకు దిగి మానేయాలి. మానేశాక మూడు నాలుగు రోజులు మామూలుగా తింటూ గడిపి, అప్పుడు ఉపవాసం మొదలుపెట్టాలి. కోలా, ఎనర్జీ డ్రింకులు, కొన్ని తలనొప్పి మాత్రల్లో కూడా కెఫీన్ ఉంటుంది, వాటినీ లెక్కలో వేసుకోవాలి. ముందస్తు తయారీ లేకుండానే దిగి, రెండో రోజు తల పగిలిపోతుంటే పాలూ చక్కెరా లేని కాఫీ అరకప్పు తాగండి. గంటలోపే తగ్గిందంటే కారణం దొరికినట్టే. నియమం తప్పిందని బాధపడేవాళ్లుంటారు గానీ, మాత్ర మింగడం కన్నా ఇది నయం.

అపోహ: తల నొస్తే నీళ్లు ఎంత తాగితే అంత మంచిది.

వాస్తవం: నీళ్లు తక్కువైనా తల నొస్తుంది, ఎక్కువైనా నొస్తుంది. తిండి ఆగాక ఇన్సులిన్ తగ్గుతుంది, దాంతో మూత్రపిండాలు సోడియంను వదిలేస్తాయి, దాని వెంట నీరూ పోతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో తూకంలో కనిపించే తగ్గుదలలో చాలా భాగం ఈ నీరే. ఉప్పు పోయిన చోట ఒట్టి నీళ్లు పోస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. పైగా మూత్రం తయారుకావడానికి ఉప్పు, యూరియా లాంటి పదార్థాలు కావాలి. తినకపోతే అవి తక్కువగా ఉంటాయి, అందువల్ల అదనపు నీటిని బయటికి పంపే శక్తీ తగ్గుతుంది. మామూలు రోజుల్లో ఇబ్బంది పెట్టని నాలుగైదు లీటర్లు ఉపవాసంలో ప్రమాదం కావచ్చు. సోడియం పడిపోయినప్పటి మొదటి లక్షణాలు తలనొప్పి, వికారం. ఆ తలనొప్పికి విరుగుడు అనుకుని మరిన్ని నీళ్లు తాగితే అయోమయం, ఫిట్స్ దాకా పోతుంది.

రోజు మొత్తానికి రెండు నుంచి రెండున్నర లీటర్లు, గ్లాసు చొప్పున విడదీసి తాగితే చాలామందికి సరిపోతుంది. ఎండలో తిరిగితే, చెమట పడితే కాస్త పెంచాలి. మూత్రం లేత పసుపులో ఉండాలి. నీళ్లలా తెల్లగా వస్తుంటే తగ్గించండి, ముదురు రంగులో వస్తుంటే పెంచండి.

ఉప్పు మోతాదు: అర లీటరు నీటిలో పావు టీస్పూన్, చెంచా అంచుకు సమంగా గీసి. అందులో దాదాపు 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. దాన్ని గంటసేపు కొద్దికొద్దిగా గుటకలేయాలి. రోజుకు రెండు సార్లు, మరీ అవసరమైతే మూడు సార్లు. ఒక గ్లాసులో చెంచాడు ఉప్పు కలిపి గటగటా తాగితే ఖాళీ పేగులు తట్టుకోలేవు, విరేచనాలై ఉన్న నీరు కూడా పోతుంది. నొప్పి నిలబడితే పెరిగి, పడుకుంటే తగ్గుతుంటే అది ఉప్పూ నీరూ లోపించడం వల్ల కావచ్చు. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పును ఇందుకు వాడకూడదు. కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదముంది. అధిక రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు సొంతంగా ఉప్పునీళ్లు మొదలుపెట్టకూడదు.

అపోహ: తలనొప్పి వచ్చిందంటే షుగర్ పడిపోయినట్టే.

వాస్తవం: మధుమేహం లేని ఆరోగ్యవంతుల్లో అలా జరగడం అరుదు. కాలేయంలో దాచిన గ్లైకోజెన్, అంటే గ్లూకోజ్ నిల్వ, సుమారు ఒక రోజుకు వస్తుంది. ఆ తర్వాత శరీరం ఇతర పదార్థాల నుంచి గ్లూకోజ్ తయారుచేసుకుంటుంది, కొవ్వు నుంచి మెదడుకు ఇంధనంగా పనికొచ్చే కీటోన్లు వస్తాయి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్ల సంగతి వేరు. చెమటలు, వణుకు, గుండెదడ వచ్చి షుగర్ రీడింగు 70 కన్నా తగ్గితే ఉపవాసం అక్కడితో సరి: 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకు షుగర్ రీడింగు బాగానే కనిపిస్తుండగానే కీటోఅసిడోసిస్, అంటే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం, రావచ్చు. వీళ్లెవరూ వైద్యుడితో మాట్లాడకుండా ఉపవాసానికి దిగకూడదు.

అపోహ: ఏ నొప్పి మాత్రయినా ఒకటే.

వాస్తవం: ఖాళీ కడుపు మీద ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. కడుపులో పుండ్లు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఒకవైపు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాల మీద భారం మరోవైపు. గుండె కోసం వైద్యులు రాసిన ఆస్పిరిన్ సొంతంగా ఆపకూడదు, దాని గురించి ముందే అడగాలి. పారాసిటమాల్ కొంత మెరుగే గానీ, దాన్ని విరిచే క్రమంలో పుట్టే హానికర పదార్థాన్ని అదుపుచేసే గ్లూటాథయోన్ ఉపవాసంలో తగ్గుతుంది. కాలేయ జబ్బు లేనివాళ్లు 500 మిల్లీగ్రాములది ఒకటి వేసుకోవచ్చు. రెండోది కావాల్సి వస్తోందంటే మాత్ర కాదు, తిండి తీసుకోండి.

అపోహ: కళ్లు తిరిగితే లేచి నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది.

వాస్తవం: పడిపోయేది ఆ నాలుగడుగుల్లోనే. ముఖ్యంగా తెల్లవారుజామున మూత్రానికి లేచినప్పుడు. పక్కకు ఒత్తిగిలి, చేత్తో ఊతం తీసుకుని లేచి కూర్చోండి. కాళ్లు కిందకు వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు మడమలు పైకీ కిందకీ ఆడించండి. ఆ తర్వాత ఏదైనా పట్టుకుని నిలబడండి. కళ్లు మసకబారితే వెంటనే మళ్లీ కూర్చోవాలి. మగవాళ్లు కూడా కూర్చునే మూత్రం పోసుకోవడం క్షేమం. బాగా వేడి నీళ్ల స్నానం రక్తనాళాలను వదులుచేసి బీపీని ఇంకా తగ్గిస్తుంది, గోరువెచ్చటి నీళ్లు చాలు. కళ్లు తిరుగుతున్న రోజు బండి నడపకండి.

నోటి వాసన, చలి, నిద్ర పట్టకపోవడం ఇబ్బందే గానీ ప్రమాదం కాదు.

అపోహ: మొదలుపెట్టాక మధ్యలో ఆపితే చేసిందంతా వృథా.

వాస్తవం: ఒకటికి రెండుసార్లు వాంతులైనా, గుండె లయ తప్పినట్టున్నా, స్పృహ తప్పినా, మాట తడబడినా, ఒక పక్క చేయీ కాలూ బలహీనపడినా ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి క్షణాల్లో భరించలేనంతగా వచ్చిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకునే తలనొప్పి ఉపవాసం వల్ల వచ్చినవి అనుకోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ల లోపువారు, బాగా సన్నగా ఉన్నవాళ్లు, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఉన్నవాళ్లు అసలు మొదలుపెట్టకూడదు. గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపు) ఉన్నవాళ్లకూ ఇబ్బందే, ఉపవాసంలో యూరిక్ యాసిడ్ పెరుగుతుంది.

అపోహ: విరమించగానే కడుపునిండా తింటే నొప్పి పోతుంది.

వాస్తవం: నొప్పి ఉన్నపళంగా పోదు, కడుపు మాత్రం తిరగబడుతుంది. మెత్తగా ఉడికినవి, నూనె, చక్కెర తక్కువగా ఉన్నవి, మామూలు భోజనంలో పావు వంతు చొప్పున రెండు మూడు గంటలకోసారి తినండి. అయిదు రోజులు దాటి తినకుండా ఉన్నవాళ్లలో ఒక్కసారిగా తింటే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. సన్నగా ఉన్నవాళ్లకు, మద్యం అలవాటున్నవాళ్లకు అంతకన్నా ముందే ఆ ముప్పు ఉంటుంది. తినడం మొదలయ్యాక శరీరం ఉప్పునూ నీటినీ మళ్లీ పట్టి ఉంచుతుంది, కాబట్టి ఉప్పునీళ్లు ఆపేయండి. పాదాలు కొద్దిగా ఉబ్బినా, పోయిన బరువులో కొంత రెండు రోజుల్లో తిరిగి వచ్చినా కంగారు పడక్కర్లేదు.