గేములు తిరిగొచ్చాయి, లాంచర్లూ వెంట వచ్చాయి

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోకి ఏ పెద్ద గేమ్ వస్తోందన్నా ఇప్పుడు చాలామంది ముందు అడిగేది గ్రాఫిక్స్ గురించి కాదు, ధర గురించీ కాదు. "దీనికి వేరే లాంచర్ పెట్టుకోవాలా?" అని. లాంచర్ అంటే గేమ్‌ని తెరిచిపెట్టే ప్రోగ్రామ్. స్టోర్ పేజీలో కుడిపక్కన థర్డ్ పార్టీ (స్టీమ్ కాని వేరే కంపెనీ) అకౌంట్ కావాలన్న చిన్న పెట్టె కనిపిస్తే చాలు, రివ్యూల్లో రచ్చ మొదలవుతుంది. ఆ రచ్చ ఎప్పటికప్పుడు మళ్లీ రాజుకుంటూనే ఉంటుంది. దీన్ని స్టోర్ల మధ్య పోటీ అని ఒక్క మాటలో తేల్చేస్తే గేమర్ల బాధ సగం కూడా అర్థం కాదు. నాలుగు దుకాణాలు ఉంటే ఎవరికీ నష్టం లేదు. ఒక దుకాణంలో డబ్బు కట్టి తెచ్చుకున్న వస్తువు తెరవడానికి ఇంకో దుకాణంవాడి తాళంచెవి కావాల్సి రావడమే అసలు బాధ.

2003లో వాల్వ్ కంపెనీ స్టీమ్‌ని తేవడం, మరుసటి ఏడాది ఆ కంపెనీ గేమ్ హాఫ్ లైఫ్ 2 ఆడాలంటే అది తప్పనిసరి కావడం అందరికీ తెలిసిన కథే. 2018 డిసెంబరులో పోటీగా ఎపిక్ స్టోర్ రావడం గురించీ చాలామంది చాలాసార్లు రాశారు. నా దృష్టిలో ఈ కథ మలుపు తిరిగింది వాటి దగ్గర కాదు, 2019 నవంబరులో.

ఆ నెల 5న రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పీసీకి వచ్చింది. దాన్ని తయారుచేసిన రాక్‌స్టార్ అంతకు నెలన్నర ముందే సొంత లాంచర్ విడుదల చేసింది. తొలిరోజే ఎంతోమందికి గేమ్ తెరుచుకోలేదు, లాంచరే మధ్యలో మూసుకుపోయింది. డిసెంబరులో స్టీమ్‌లోకి వచ్చినప్పుడూ ఆ లాంచర్ వెంటే వచ్చింది. ఇక నవంబరు 15న గేమ్ కంపెనీ ఈఏ తీసుకొచ్చిన స్టార్ వార్స్ జెడై: ఫాలెన్ ఆర్డర్ స్టీమ్‌లో దిగింది. ఏళ్ల తరబడి కొత్త గేముల్ని స్టీమ్‌కి ఇవ్వని ఈఏ తిరిగొచ్చిందని అందరూ సంతోషించారు. కొన్నాక ప్లే నొక్కితే స్టీమ్ వెళ్లి ఈఏ సొంత లాంచర్ ఆరిజిన్‌ని లేపింది, ఆరిజిన్ గేమ్‌ని లేపింది. అది ఒంటరిగా ఆడుకునే గేమ్. అందులో ఆన్‌లైన్ మ్యాచ్‌లేమీ లేవు.

యుబిసాఫ్ట్ కంపెనీ గేముల్ని పక్కనపెడితే అంతకుముందు బాధ వేరు. ఈ గేమ్ ఇక్కడ లేదు, అక్కడికి వెళ్లి కొనుక్కోవాలి, అంతే. ఇష్టం లేకపోతే మానేయొచ్చు. 2019 నవంబరు నుంచి మిగతా పెద్ద గేముల్లోనూ లాంచర్ మీద లాంచర్ ఎక్కి కూర్చుంది. 2015లో స్టీమ్‌లో జీటీఏ 5 కొన్నవాళ్లకూ తర్వాత ఒక అప్‌డేట్‌తో రాక్‌స్టార్ లాంచర్ వచ్చి చేరింది. రాక్‌స్టార్ అకౌంట్ ముందునుంచీ ఉన్నదే, కానీ ఈ లాంచర్ మాత్రం కొన్ననాటి షరతుల్లో లేదు.

ఇది బయటివాళ్లకు చిన్న విషయంలా కనిపిస్తుంది కాబట్టి దగ్గరగా చూపించాలి. పని ముగించుకుని రాత్రి ఓ గంట ఆడదామని కూర్చుంటాను. స్టీమ్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కుతాను. రెండో కిటికీ తెరుచుకుంటుంది, "అప్‌డేట్ అవుతోంది" అంటుంది. అయ్యాక నన్ను లాగౌట్ చేసేసి ఉంటుంది. పాస్‌వర్డ్ కొడితే మెయిల్‌కి ఆరంకెల కోడ్ పంపానంటుంది. అది వెతికి కొట్టేసరికి గడువు దాటిపోయిందంటుంది. రెండో కోడ్‌తో లోపలికి వెళ్తే, స్టీమ్ క్లౌడ్‌లో ఒక సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిన ఫైలు), వాళ్ల క్లౌడ్‌లో ఇంకో సేవ్, ఏది ఉంచమంటావని అడుగుతుంది. అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంటుంది. తప్పు బటన్ నొక్కితే నలభై గంటల ఆట పోతుంది. గంటలో పావుగంట అలా గడిచిపోతుంది, ఇంకా గేమ్ మొదలే కాలేదు. 2022లో చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ వచ్చాక ఇది మరీ ఇబ్బందయింది. మౌస్ కోసం చేసిన ఆ చిన్న కిటికీల్ని ఏడంగుళాల తెర మీద వేలితో పొడుస్తూ కూర్చోవాలి.

కంపెనీలు ఇక్కడిదాకా ఎందుకొచ్చాయో తెలియాలంటే 2011కి వెళ్లాలి. ఆ జూన్‌లో ఈఏ ఆరిజిన్ మొదలుపెట్టింది. అదే నెలలో క్రైసిస్ 2 స్టీమ్ నుంచి మాయమైంది, అక్టోబరులో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 3 పీసీలో ఆరిజిన్ లేకుండా నడవలేదు. 2012లో యుబిసాఫ్ట్ యూప్లే లాంచర్ తెచ్చింది. స్టీమ్ 30 శాతం కమీషన్ తీసుకుంటుంది, కొనేవాడి వివరాలు, అలవాట్లు దాని దగ్గరే ఉంటాయి. ఆ రెండూ తమకే దక్కాలన్నది కంపెనీల లెక్క. కన్సోల్‌లో ఆడేవాళ్లనీ పీసీవాళ్లనీ ఒకే అకౌంట్‌తో కలపాలన్నా, మోసం చేసేవాళ్లని ఆపాలన్నా సొంత వ్యవస్థ ఉండాలని కూడా అంటాయి. ఆన్‌లైన్ గేముల వరకు అందులో నిజం ఉంది.

2018 నవంబరు చివర్లో వాల్వ్ స్టీమ్ కమీషన్‌కి మెట్లు పెట్టింది. ఒక గేమ్ అమ్మకాలు కోటి డాలర్లు దాటితే ఆపై మొత్తం మీద 25 శాతం, 5 కోట్లు దాటితే ఆపై 20 శాతం. వారం తిరక్కుండానే ఎపిక్ 12 శాతానికే స్టోర్ తెరిచింది. ఏడాది తిరిగేసరికి ఈఏ వెనక్కి వచ్చింది. ఈ మెట్లే కారణమని నేను చెప్పలేను గానీ, పెద్ద గేములున్న కంపెనీకి అవి కలిసొచ్చేవే. కమీషన్ గొడవ కొంత తీరినా లాంచర్ మాత్రం పోలేదు. అంటే కొనేవాడి వివరాల మీద పట్టు వదలడం వాళ్లకి ఇష్టం లేదనే నేను అనుకుంటున్నాను.

గేమర్ల భయం ఇక్కడితో ఆగదు. లాంచర్ చచ్చిపోతే గేమ్ ఏమవుతుంది? దీనికి జవాబు ముందే దొరికింది. జీటీఏ 4 పీసీలో మైక్రోసాఫ్ట్ వారి గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ అనే ఆన్‌లైన్ సేవ మీద ఆధారపడేది. దాన్ని మైక్రోసాఫ్ట్ వదిలేశాక కొత్తగా కొనేవాళ్లకి ఇచ్చే కీలు (గేమ్ తెరిచే కోడ్‌లు) పుట్టించే దారి లేక 2020 జనవరిలో స్టీమ్‌లో ఆ గేమ్ అమ్మకమే ఆగిపోయింది. మార్చిలో తిరిగొచ్చింది, కానీ మల్టీప్లేయర్ లేకుండా. ఆరిజిన్ కూడా 2025 ఏప్రిల్‌లో మూతపడింది, దాని స్థానంలో ఈఏ యాప్ వచ్చింది. అది 64 బిట్ విండోస్ మీదే నడుస్తుంది. పాత 32 బిట్ విండోస్ ఉన్నవాళ్లు తాము కొన్న గేముల కోసం సిస్టమ్ మార్చుకోవాల్సి వచ్చింది.

సొంత లాంచర్ లేకపోతే కుదరదన్న కంపెనీల మాటకు జవాబుగా బెథెస్డా అనే గేమ్ కంపెనీ ఉదంతం చాలు. 2018లో ఫాల్అవుట్ 76ని స్టీమ్‌కి ఇవ్వకుండా సొంత లాంచర్‌లోనే అమ్మింది. 2020 ఏప్రిల్‌లో స్టీమ్‌కి తెచ్చింది. 2022 మే నెలలో లాంచర్‌నే మూసేసి, అందులో కొన్న గేముల్ని స్టీమ్‌కి మార్చుకునే వీలు ఇచ్చింది. ఫాల్అవుట్ 76 పూర్తిగా ఆన్‌లైన్ గేమ్. ఇవాళ్టికీ నడుస్తోంది.

2024 మేలో హెల్‌డైవర్స్ 2 ఆడే స్టీమ్ గేమర్లందరూ పీఎస్ఎన్ (సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్) అకౌంట్ కలపాల్సిందేనని సోనీ ప్రకటించింది. గేమ్ వచ్చి అప్పటికి మూడు నెలలు. పీఎస్ఎన్ లేని దేశాల్లోనూ దాన్ని అమ్మేశారు, వాళ్లేం చేయాలో ఎవరూ చెప్పలేదు. రెండు లక్షలకు పైగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి. మూడు రోజుల్లోపే సోనీ వెనక్కి తగ్గింది. 2025 జనవరిలో గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్, స్పైడర్ మ్యాన్ 2 లాంటి గేములకు పీసీలో ఆ అకౌంట్ ఐచ్ఛికమని చెప్పింది, పెట్టుకున్నవాళ్లకి గేమ్‌లో కొన్ని బహుమతులు ఇస్తామంది.

ఇప్పుడు రివ్యూల్లో గేమర్లు అడుగుతున్నది కూడా దాదాపు అదే. అకౌంట్ కావాలంటే పెట్టుకుంటాం, పెట్టుకోకపోయినా కొన్న గేమ్ తెరుచుకోవాలి. ఒంటరిగా ఆడే గేములన్నిటికీ వర్తించేలా ఈఏ గానీ యుబిసాఫ్ట్ గానీ ఆ మాట ఇచ్చినట్టు నాకు తెలియదు.