ఎక్కువ తిరిగిన సెకండ్ హ్యాండ్ పికప్ కొనాలా వద్దా: అపోహలు - వాస్తవాలు

పాత పికప్ చూసి పెట్టమని నన్ను పిలిచేవాళ్లలో సగంమంది, బండి దగ్గరికి రాకముందే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. రెండున్నర లక్షల కిలోమీటర్లు అనగానే "ఇంకేం మిగిలుంటుందండీ దాంట్లో" అని కొందరు పెదవి విరుస్తారు. "డీజిల్ బండి కదా, ఇంకో ఐదు లక్షలు ఢోకా లేదు" అని కొందరు అడ్వాన్స్ చేతిలో పట్టుకుని వస్తారు. రెండూ మీటర్ చూసి అన్న మాటలే, బండి కింద దూరి చూసి అన్నవి కావు. ఈ పనిలో రోజూ నా చెవిన పడేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: రెండు లక్షలు దాటితే ఇంజిన్ పని అయిపోయినట్టే

అమెరికాలో 2007 మోడల్ టయోటా టండ్రా ఒకటి పది లక్షల మైళ్లు, అంటే దాదాపు పదహారు లక్షల కిలోమీటర్లు తిరిగింది. అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్. 2016లో కంపెనీయే ఆ బండిని తీసుకుని విప్పి చూసుకుంది. ఎక్కువ తిరిగిన బండ్లు అమ్మేవాళ్లకి ఈ కథంటే మహా ఇష్టం. అయితే లెక్క వేసి చూడండి. తొమ్మిదేళ్లలో అంత దూరం పోవాలంటే ఏడాదికి లక్ష మైళ్ల పైమాటే. అంటే ఇంజిన్‌కి పూర్తిగా చల్లబడే తీరికే లేదు. హైవే మీద నిలకడగా పోయింది, సర్వీసు తప్పలేదు.

ఇంజిన్ అరుగుదలలో చాలా భాగం చల్లగా స్టార్ట్ అయిన మొదటి నిమిషాల్లోనే జరుగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసి, రెండు కిలోమీటర్లు పోయి ఆపేసే బండిలో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. అందులో చేరిన తేమ, ఇంధనం ఆవిరైపోకుండా అక్కడే ఉండిపోతాయి. దీని పైన పికప్‌లకి ఇంకో జబ్బు ఉంది: ఊరికే ఆన్‌లో నిలబడటం. పని జరిగేచోట ఏసీ కోసమనో, పనిముట్లకి కరెంటు కోసమనో గంటల తరబడి ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. మీటర్ మాత్రం ఒక్క అంకె కదలదు.

అందుకే నేను ముందు అడిగేది ఇంజిన్ గంటలు. కొన్ని పికప్‌లలో అవి డ్యాష్‌బోర్డ్ మెనూలోనే కనిపిస్తాయి, కొన్నిటిలో బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే వస్తాయి. కిలోమీటర్లను ఆ గంటలతో భాగించండి. రెండు లక్షల కిలోమీటర్లకి నాలుగు వేల గంటలుంటే సగటు వేగం 50. హైవే మీద బతికిన బండి. అదే రెండు లక్షలకి పది వేల గంటలుంటే సగటు 20. మీటర్ ఒకటే అయినా రెండో ఇంజిన్ పడ్డ కష్టం రెండున్నర రెట్లు. మొదటిది ఇంకో లక్ష ఎక్కువ తిరిగి ఉన్నా సరే, నేను దాని వైపే వెళ్తాను.

అపోహ: అయితే తక్కువ తిరిగిన బండి కళ్లు మూసుకుని కొనొచ్చు

డిజిటల్ మీటర్‌ని వెనక్కి తిప్పడం పెద్ద విద్యేం కాదు. పెడల్ రబ్బర్లు అరిగి ఇనుము కనబడుతోంది, స్టీరింగ్ నున్నగా మెరుస్తోంది, డ్రైవర్ సీటు దిగే వైపు అంచు నలిగిపోయింది, మీటర్ మాత్రం డెబ్బై వేలంటోంది. ఏది నమ్ముతారు? చాలా బండ్లలో ఇంజిన్ కంప్యూటర్, గేర్‌బాక్స్ కంప్యూటర్ లాంటివి కూడా రీడింగ్‌ని విడిగా దాచుకుంటాయి. మంచి స్కానర్ ఉన్నవాళ్లు అవన్నీ పోల్చి చూడగలరు.

రీడింగ్ నిజమే అయినా, ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న బండిలో హోసులు, సీళ్లు ఎండిపోతాయి. ఇంజిన్‌లో వాల్వులు సమయానికి తెరిచి మూసేలా చూసే టైమింగ్ బెల్ట్‌కి కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. చాలా ఇంజిన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి.

అపోహ: ఇంజిన్ బాగుంటే చాలు, మిగతావి చిల్లర పనులు

నాకు అన్నిటికంటే కోపం తెప్పించే మాట ఇదే. ఇంజిన్ బోరుకొస్తే బోరు చేయించుకోవచ్చు, వేరే ఇంజిన్ దించుకోవచ్చు. ఛాసిస్ కుళ్లితే ఏం చేస్తారు? పికప్‌లో బరువు మోసేది బాడీ కాదు, కింద ఉన్న ఆ రెండు పొడవాటి ఇనుప పట్టాలు. ఇంజిన్ పది లక్షల మైళ్లు పోయిందని చెప్పుకున్న అదే టయోటా, అదే 2016లో, టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఫ్రేముల్ని, అంటే ఛాసిస్‌లని, తుప్పు తినేసిందన్న దావాలో రాజీకొచ్చి, పాడైన ఫ్రేములు మార్చి ఇవ్వడానికి ఒప్పుకుంది. 2007 టండ్రా కూడా ఆ జాబితాలో ఉంది.

మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట తిరిగిన బండి, సముద్రపు గాలిలో పెరిగిన బండి అయితే ఇంకా జాగ్రత్త. పైన ఎర్రగా పొర కట్టిన తుప్పుకి నేను భయపడను, గీకితే పోతుంది. పెట్టెలా మూసి ఉండే ఛాసిస్ పట్టాలు లోపల నీళ్లూ మట్టీ చేరి లోపలి నుంచే కుళ్లుతాయి, బయట రంగు నిగనిగలాడుతుంటుంది. చిన్న సుత్తి తీసుకుని వెనక కమాన్ కట్టలు ఛాసిస్‌కి తగులుకునే బ్రాకెట్ల దగ్గర, వెనక చక్రాల పైన వంపు తిరిగే చోట వరసగా తట్టుకుంటూ పోతాను. మంచి ఇనుము ఖంగుమంటుంది. కుళ్లిన చోట శబ్దం చచ్చిపోతుంది, పెచ్చులు రాలతాయి, ఒక్కోసారి సుత్తి మొన లోపలికే దిగిపోతుంది. అక్కడితో నా తనిఖీ అయిపోయినట్టే, ఇంజిన్ వైపు చూడను కూడా. కొత్తగా నల్లరంగు కొట్టిన ఛాసిస్ కనిపిస్తే రెండింతలు తట్టండి. అమ్మకానికి ముందు ఛాసిస్‌కి రంగు ఎందుకు వేయాల్సి వచ్చిందో అడగండి.

సుత్తి చేతిలో ఉండగానే కమాన్ కట్టలు కూడా చూడాలి. ఖాళీ బండిలోనే పట్టీలు వంపు పోయి తిన్నగా అయిపోయినా, తిరగబడి వంగినా ఆ బండి ఎప్పుడూ మోయాల్సిన దానికంటే ఎక్కువే మోసింది. విరిగిన పట్టీ, యూ-బోల్టుల దగ్గర కొత్త వెల్డింగ్, ట్రాలీలో పరిచిన ప్లాస్టిక్ తొడుగు కింద సొట్టలు కూడా అదే కథ చెబుతాయి. ట్రెయిలర్ లాగిన బండి అయితే వెనక డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే భాగం) ఆయిల్ ప్లగ్ తీసి చూస్తాను. ప్లగ్‌కి ఉండే అయస్కాంతానికి సన్నటి బూడిదలా అంటుకుంటే మామూలే. ఇనుప ముక్కలు వస్తే మాత్రం లోపల పళ్లో బేరింగులో పోతున్నాయి.

అపోహ: మేం వెళ్లేసరికి స్టార్ట్ చేసి పెట్టాడు, శబ్దం భలే బాగుంది

అలా స్టార్ట్ చేసి పెట్టాడంటేనే నాకు అనుమానం. అరిగిన టైమింగ్ చెయిన్ గలగల, పాడైన డీజిల్ హీటర్ ప్లగ్గుల మొరాయింపు, పొద్దుటి నీలిపొగ, అన్నీ ఇంజిన్ వేడెక్కగానే మాయమవుతాయి. నేను వచ్చేదాకా తాళం తిప్పొద్దని ముందే చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెడతాను.

వార్నింగ్ లైట్లు ఏవీ వెలగడం లేదని కూడా సంబరపడొద్దు. స్కానర్‌తో కోడ్లు చెరిపేయడం అర నిమిషం పని. చెరిపేశాక బండి ఎంత దూరం తిరిగిందో కూడా కొత్త బండ్లలో స్కానర్ చూపిస్తుంది. అది ఇరవై కిలోమీటర్లు అని వచ్చి, సెల్ఫ్ టెస్టులు సగం "పూర్తికాలేదు" అని ఉంటే, నిన్ననో ఇవాళో ఎవరో చెరిపారు. ఎందుకో అమ్మేవాణ్ణి అడగండి. రెండు మూడు రోజులు వాడాక మళ్లీ చూద్దామనండి.

అపోహ: ఆయిల్ మూత తీస్తే పొగ వచ్చింది, ఇంజిన్ పోయినట్టే

తిరిగిన డీజిల్ ఇంజిన్‌లో కాస్త బ్యాక్ కంప్రెషన్, అంటే పిస్టన్ల పక్క నుంచి గ్యాసు కిందికి జారడం, సహజం. ఇంజిన్ నడుస్తుండగా మూతని తలకిందులు చేసి, బిగించకుండా రంధ్రం మీద ఉంచండి. కాస్త వణికితే ఫర్వాలేదు. ఎగిరి పక్కన పడితే, లేదా పొగ గుప్పుగుప్పుమని కొడుతుంటే కంప్రెషన్ టెస్ట్ చేయించకుండా మాట ఇవ్వొద్దు. మూత కింద తెల్లటి మీగడలాంటిది కనిపిస్తే కూడా వెంటనే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందని తేల్చేయకండి, దగ్గరి దూరాలు తిరిగే బండికి తేమ వల్ల కూడా అలా వస్తుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే ఉండి, కూలెంట్ తగ్గుతుంటే అప్పుడు గట్టిగా అనుమానించాల్సిందే.

అపోహ: పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ ముట్టుకోకూడదు, మారిస్తే గేర్లు జారతాయి

అప్పటికే జారుతున్న గేర్‌బాక్స్‌కి కొత్త ఆయిల్ పోసినవాళ్లు పుట్టించిన మాట ఇది. ఆయిల్ మార్చినందుకు పాడవదు, పాడయ్యాకే చాలామందికి ఆయిల్ గుర్తొస్తుంది. ఆయిల్ రంగు ముదిరినా గేర్లు సాఫీగా పడుతుంటే, డ్రెయిన్ చేసి కొత్తది పోయించుకోవచ్చు. బలవంతంగా ప్రెషర్‌తో ఫ్లష్ మాత్రం నేను చేయించను. మాడు వాసన వస్తూ, గేరు పడేటప్పుడు ఇంజిన్ రయ్యిమని లేస్తుంటే ఆ గేర్‌బాక్స్ ఖర్చు మీదే అనుకుని బేరమాడండి.

ఫోర్ బై ఫోర్ గురించి ఒక్క మాట. "వాడనే లేదు, కొత్తదానిలా ఉంది" అంటారు. వాడకపోతేనే అది బిగుసుకుపోతుంది. మట్టి నేల మీద వేసి చూడండి, పొడి తారురోడ్డు మీద వేసి మలుపు తిప్పొద్దు.

అపోహ: ధర తక్కువే కదా, ఏదైనా వస్తే చేయించుకుందాం

బండి ధర కింద ఇంకో లెక్క రాయండి: వచ్చే ఏడాదిలోపు కచ్చితంగా పడే పనులు. టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, క్లచ్, షాకబ్జార్లు, టైర్లు, డీజిల్ అయితే ఇంజెక్టర్లు, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్). వీటిలో ఏవి అయ్యాయో బిల్లులు చూపించమనండి, నోటిమాట లెక్కలోకి రాదు. బిల్లు లేని పనిని చేయని పనిగానే కలపండి. ఆ మొత్తం చూశాక చాలాసార్లు పక్కనున్న కాస్త ఖరీదైన బండే చవకని తేలుతుంది.

నెలకి రెండుసార్లు సామాను తెచ్చుకునేవాళ్లయితే, ఛాసిస్ గట్టిగా ఉండి బిల్లులున్న, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిని నిశ్చింతగా తీసుకోవచ్చు. ఆ బండి ఆగిన రోజు సంపాదన కూడా ఆగిపోయేవాళ్లకైతే అదే బండిని నేను వద్దంటాను. బాగోలేక కాదు, షెడ్డులో ఉండే రోజులు వాళ్లు భరించలేరని. ఇక చల్లగా స్టార్ట్ చేయనివ్వని వాడు, బండిని లిఫ్ట్ ఎక్కించనివ్వని వాడు ఎంత తగ్గించి చెప్పినా బేరం మొదలుపెట్టకండి.